త్రిభుజం ఎవరి వాటా

మార్చి 4, 1979. ఆదివారం. సాయంత్రం 5.

ప్రతిజ్ఞ. ఎర్ర సిరాతో రాస్తున్నాను.

ఒకటి: రేపటి నుంచి ఇరవై రోజుల్లో మా బాల్వాడి పిల్లలు తొమ్మిదిమందికీ నాలుగు ఆకారాలు వచ్చి తీరాలి. వృత్తం, త్రిభుజం, చతురస్రం, దీర్ఘచతురస్రం. చూపించగానే పేరు చెప్పాలి.

రెండు: ఈ ఇరవై రోజులూ నాకు కోపం రాకూడదు. వస్తే ఆ సాయంత్రం టీ బంద్.

కారణం: ఇరవై నాలుగో తారీఖున సంక్షేమ సంఘం సూపర్‌వైజరు నారాయణమ్మగారు తనిఖీకి వస్తున్నారు. పిల్లలకి ఏమీ రాలేదని తేలితే బాల్వాడి ఎత్తేసి, పాలపొడి డబ్బాలతో సహా ఇంకో పేటకి తరలించేస్తారట. ఉత్తరం వచ్చింది.

ఉత్తరంలో ఏముందో నాకంటే ముందు సూర్యకాంతమ్మకి తెలిసిపోయింది. ఆవిడ చీకటితోనే హార్బరుకి వెళ్ళి చేపలెత్తుకుని మధ్యాహ్నం దాకా వన్ టౌన్ వీధుల్లో అమ్ముతుంది. మొగుడు ఎల్లారావు పడవ మీద. నాలుగేళ్ళ కొడుకు దాలయ్య మా దగ్గర ఉంటున్నాడు కాబట్టే ఎనిమిదేళ్ళ కూతురు పోతమ్మ బడికి వెళ్ళగలుగుతోంది. రెండో తరగతి. ఏప్రిల్ పదహారున పరీక్షలు. ఇవాళ సూర్యకాంతమ్మ నన్ను దారిలో ఆపేసింది.

"బాల్వాడి ఉంటదా, ఎత్తేత్తారా మేస్టారూ? ఎత్తేసినట్టయితే ఇప్పుడే సెప్పెయ్యండి. పోతమ్మని బడి మానిపించేత్తాను. గుంటడిని సూసేవోళ్ళు ఇంకెవులున్నారు?"

ఉంటుందని మాటిచ్చాను.

ఎందుకివ్వకూడదు? యూనియన్ ఆఫీసులో కొన్న 'పసిబుర్రలో సమసమాజం' అనే చిన్న పుస్తకం మూడుసార్లు చదివాను. పదహారు పేజీలు. శాస్త్రీయ పద్ధతిలో చెబితే ఏ శిశువైనా రోజుకో ఆకారం నేర్చుకుంటాడని ఐదో పేజీలో ఉంది. అంటే నాలుగు రోజుల పని. మిగిలిన పదహారు రోజుల్లో ఏం చేయాలన్నదే ఇప్పుడు నా ముందున్న సమస్య.

నేనుండేది అక్క గౌరీశ్వరి ఇంట్లో. బావ శ్రీరామ్మూర్తి పోర్టులో గుమాస్తా. ప్రతిజ్ఞ చదివి వినిపించాను. అక్కతో రేపటి నుంచి టీపొడి సగమే తెమ్మన్నాడు. ప్రతిజ్ఞ రేపటి నుంచి కదా, ఇవాళ నేను కోప్పడొచ్చు. అయినా కోప్పడలేదు.

మార్చి 5. సోమవారం.

ఉదయం 9. బిస్కెట్ల అట్టపెట్టె కోసి నాలుగు ఆకారాలు తయారు చేశాను. మా బాల్వాడి అంటే హార్బరు పక్కన వలలు దాచుకునే రేకుల షెడ్డులో ఒక మూల. నేల మీద నాలుగూ వరసగా పరిచాను. చేతిలో పొడుగాటి బెత్తం. కొట్టడానికి కాదు, చూపించడానికి.

ఇది త్రిభుజం అని పదిసార్లు చెప్పించాను. తొమ్మిది గొంతులు! రేకులు మోగిపోయాయి!

తర్వాత త్రిభుజాన్ని బెత్తంతో తట్టి, చెప్పమని దాలయ్యని పిలిచాను. వాడు బుద్ధిగా లేచి వచ్చాడు. వచ్చి, నాకూ త్రిభుజానికీ వీపు చూపించి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

"ఎల్లారావు" అన్నాడు.

అది వాడి తండ్రి పేరు.

పోలిరాజుని పిలిచాను. వాడూ అంతే. గిరుక్కున వెనక్కి తిరిగి వాళ్ళ పెదనాన్న తాతబాబు పేరు చెప్పాడు.

మొదటి రోజు కదా. కొత్త. ఆరో పేజీలో 'శిశువుల బిడియం' అని ఒక పేరా ఉంది.

కోపం: సున్నా. టీ: రెండు కప్పులు.

మార్చి 6. మంగళవారం.

తొమ్మిదిమందీ వీపు చూపించారు. తొమ్మిదిమందీ మనుషుల పేర్లే చెప్పారు. వృత్తం తాతబాబుదట. చతురస్రం ఎల్లారావుదట. దీర్ఘచతురస్రం ఎవరో గవర్రాజుదట. ఆయన పోయిన నెల నుంచి పడవ ఎక్కడం లేదని ఒకడు, ఎక్కుతున్నాడని ఇంకొకడు దెబ్బలాడుకున్నారు.

మధ్యాహ్నం కూర్చుని విశ్లేషించాను. విషయం భయంకరంగా ఉంది. నాలుగేళ్ళ పసివాళ్ళలో సొంత ఆస్తి భావన ఎంత లోతుగా దిగిపోయిందో! త్రిభుజానికి కూడా యజమాని కావాలి వీళ్ళకి.

త్రిభుజం ఏ ఒక్కరిదీ కాదు, ప్రజలందరిదీ అని గంటసేపు ఉపన్యసించాను. శ్రద్ధగా విన్నారు. ఐదుగురు నిద్రపోయారు.

కోపం: ఒకటి. కాని అది వ్యవస్థ మీద, పిల్లల మీద కాదు. లెక్కలోకి రాదు. టీ తాగాను.

మార్చి 8. గురువారం.

గురువమ్మకి ఐదేళ్ళు. అందరిలోకీ పెద్దది. భుజాలు పట్టుకుని మెల్లగా ఆకారాల వైపు తిప్పాను. గట్టిగా కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచి చూడమన్నాను. ఏడుపు అందుకుంది. దాన్ని చూసి పోలిరాజు. వాడిని చూసి తక్కిన ఏడుగురు.

చూడండర్రా, చూస్తే తప్పేమిటి అని కాస్త గట్టిగా అన్నాను. బయట వల బాగుచేసుకుంటున్న తాతబాబు ఓడ సైరన్ అనుకున్నాడట. అతిశయోక్తి.

కోపం: అర. అరకి టీ మానెయ్యాలని ప్రతిజ్ఞలో లేదు.

మార్చి 9. శుక్రవారం.

ముగ్గురు పిల్లలు రాలేదు. పంపబోమని ఇళ్ళ దగ్గర చెప్పేశారట. ఎందుకని తాతబాబుని నిలదీశాను. పేటలో నలుగురూ మాట వినే మనిషి. దారం కొరుకుతూ నెమ్మదిగా చెప్పాడు.

"పిల్లల్ని సూసి సెప్పమంటన్నారట గదా. సూసి సెప్పడం మాకాడ నేదు మేస్టారూ. అది దొంగబుద్ధి."

చూడకుండా చెప్పడమేమిటి? చదువంటేనే చూడటం కదా! నేను దొంగబుద్ధి నేర్పుతున్నానా? ఇరవై రెండేళ్ళ జీవితంలో ఒక్క పుస్తకం కూడా డబ్బివ్వకుండా తెచ్చుకోని నేను!

ఇదే మాట అతనితోనూ అన్నాను. పక్క షెడ్డు వాళ్ళు వచ్చి విన్నారు.

కోపం: ఒకటి. అసలైనది. టీ మానేశాను.

సాయంత్రం 6.30. అక్క కాఫీ ఇచ్చింది. కాఫీ గురించి ప్రతిజ్ఞలో ఏమీ లేదు.

మార్చి 11. ఆదివారం.

ఉదయం 7. తాతబాబుతో తేల్చుకుందామని ఒడ్డుకి వెళ్ళాను. తేల్చుకోలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

ఎల్లారావు వాళ్ళ పడవ అప్పుడే వచ్చింది. దించిన చేపలని ఇసుక మీద నాలుగు పోగులు పెట్టారు. వరసగా. నా అట్టముక్కల్లాగే. తర్వాత గుంపులోంచి దాలయ్యని తెచ్చి పోగులకి వీపు పెట్టి నిలబెట్టారు. తాతబాబు తెడ్డుతో ఒక పోగుని తట్టి, చెప్పరా అన్నాడు. వీడు వెనక్కి చూడకుండా "గవర్రాజు" అన్నాడు. గవర్రాజు వచ్చి ఆ పోగు ఎత్తుకున్నాడు. ఇంకో పోగు తట్టాడు. "ఎల్లారావు." అందులో అన్నీ చిన్న చేపలు. కొడుకు నోట వచ్చిన ఆ పోగుని ఎల్లారావు కిక్కురుమనకుండా గంపలోకెత్తుకున్నాడు.

పక్కనే ఉన్న సూర్యకాంతమ్మ నా మొహం చూసి జాలిపడినట్టుంది.

"పెద్దోడైతే ఓరకంట సూసి తనోడికి మంచి పోగు సెప్పెయ్యడా? పసిగుంటడికి పక్చపాతం ఏటి తెలుస్తది. అందుకే ఈపు పెట్టిస్తాం. సూసి సెప్పినోడు దొంగ."

అయ్యో! నేల మీద నాలుగు వస్తువులు వరసగా పెట్టి, కర్రతో తట్టి చెప్పమన్నానా? ఒడ్డున వాటాలు పంచే మనిషికి చేసే మర్యాద నాకు చేశారు ఆ పిల్లలు. నేను వాళ్ళని పట్టుకుని దొంగచూపు చూడమన్నాను.

మధ్యాహ్నం 2. నాలుగు పేజీలు రాశాను దీని మీద. పుస్తకం రాసినాయన ఈ ఒడ్డు చూసి ఉండడు. సమానత్వం ఇక్కడ ఉంది, ఇసుకలో, తెడ్డు పట్టుకుని! బావకి చదివి వినిపించాను. రెండో పేజీలో ఆయన గురక మొదలైంది. అయినా పూర్తి చేశాను.

మార్చి 12. సోమవారం.

కొత్త పద్ధతి. వీపు పెట్టి చెప్పడానికి అనుమతి. ఒకే మార్పు: ఈ పడవలో వాటాదారులు నలుగురే, వాళ్ళ పేర్లు వృత్తం, త్రిభుజం, చతురస్రం, దీర్ఘచతురస్రం.

తాతబాబుకి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. మానేసిన ముగ్గురినీ ఆయనే వెంటబెట్టుకొచ్చాడు.

అరగంట! అరగంటలో తొమ్మిదిమందికీ నాలుగు పేర్లూ వచ్చేశాయి. దీర్ఘచతురస్రం అని దాలయ్య అంటుంటే చెవులకి ఎంత హాయి!

కోపం: సున్నా. టీ: మూడు కప్పులు. ఒకటి శుక్రవారంది.

మార్చి 13. మంగళవారం.

చిన్న ఇబ్బంది. పేర్లన్నీ వచ్చాయి. ఏది ఏదో రాలేదు.

వృత్తాన్ని తట్టాను. "చతురస్రం" అన్నాడు పోలిరాజు. కాదు, వృత్తం అన్నాను. వాడు వెనక్కి తిరగకుండానే నన్ను సరిదిద్దాడు.

"వృత్తం నిన్న పడింది గదా దానికి. రోజూ దానికేనేటి?"

రోజూ దానికేరా అన్నాను. తొమ్మిది తలలూ అడ్డంగా ఊగాయి. ఒకే పోగు రోజూ ఒకడికే రాసిపెట్టడం ఎంత అన్యాయమో వాళ్ళకి తెలుసు. మొన్న నేనే నాలుగు పేజీలు రాశాను.

కోపం: పళ్ళ మధ్య. బయటికి రాలేదు. టీ తాగాను, పళ్ళ మధ్య నుంచే.

మార్చి 14. బుధవారం.

ఉదయం 10.40. దాలయ్య దీర్ఘచతురస్రాన్ని త్రిభుజం అన్నాడు. ఎందుకన్నావురా అని అడిగాను, ఇంకా శాంతంగానే. దానికి ఇప్పటిదాకా త్రిభుజం రాలేదట, పాపం.

10.41. నాలుగు అట్టముక్కలూ గుమ్మంలోంచి బయటికి విసిరేశాను. బెత్తం విరిచాను. వాటాల గురించి, ఒడ్డు గురించి, ఈ దేశం గురించి ఏమేమో అన్నాను.

10.45. బయట ఒక మేక వృత్తాన్ని పూర్తిగా తినేసింది. చతురస్రాన్ని మూల నుంచి మూలకి కొరికి త్రిభుజం చేసింది. ఇన్నాళ్ళకి నా పాఠం ఎక్కింది దానికొక్కదానికే.

కోపం: లెక్కపెట్టలేదు. టీ: తాగాను. ఇంక ఏ ప్రతిజ్ఞ, ఏ టీ.

మార్చి 15. గురువారం.

జ్వరం. వెళ్ళలేదు. బావ థర్మామీటరు పెట్టి చూసి, పాదరసం కూడా సెలవు పెట్టినట్టుందన్నాడు. లోపలి జ్వరం పాదరసానికి అందదు.

మార్చి 16. శుక్రవారం.

జ్వరం. ఇంకో చిన్న పుస్తకం చదివాను. వ్యవస్థ మారేదాకా శిశువిద్య వృథా అని అందులో సోదాహరణంగా నిరూపించారు. చాలా బలమైన వాదన. మధ్యాహ్నం అన్నం బాగా తిన్నాను.

మార్చి 17. శనివారం.

ఉదయం 8. జ్వరమైతే కాళ్ళకి కాదు కదా అని అక్క నన్ను హార్బరుకి చేపల కోసం తరిమింది.

సూర్యకాంతమ్మ గంప పక్కన పోతమ్మ ఉంది. చంకలో దాలయ్య. ఇంకో చేతిలో రెండో తరగతి వాచకం, వేలు పెట్టి మూసి పట్టుకుంది. వాడు ఊగినప్పుడల్లా పుస్తకం నేల మీద పడుతోంది. మళ్ళీ తీసి అదే పేజీలో వేలు పెడుతోంది. బడి ఎందుకు మానేశావని అడగబోయాను. బాల్వాడి తలుపు తీసి మూడు రోజులైంది.

నన్ను చూసి అది అడిగింది. "జొరం తగ్గిందా మేస్టారూ?"

వెటకారం లేదు. నిజంగానే అడిగింది.

అక్కడే ఒక బుట్ట బోర్లించుకుని కూర్చుని సూర్యకాంతమ్మకి మొత్తం చెప్పేశాను. మాటిచ్చిన సంగతి, పోగుల సంగతి, రోజుకో త్రిభుజం సంగతి. ఆవిడ బేరం ఆపలేదు. నా వైపూ గంప వైపూ కూడా చూడకుండా, కొనేవాళ్ళతో మాట్లాడుతూనే చెయ్యి గంపలో పెట్టి, "సందువ" అని ఒకటి తీసింది. "కవ్వలు" అని గుప్పెడు తీసింది. ఒక్కటీ తప్పు లేదు.

"పోగు ఎవులిదన్నది రోజూ మారతది మేస్టారూ. పోగులో సేప పేరు మారతదేటి? మీరు పోగులెట్టి అడిగేరు, ఆళ్ళు వాటా సెప్పేరు. గంపలో ఎయ్యండి. ఈపు ఎట్టుకోనీండి. సేతికందియ్యండి."

నెత్తళ్ళు కొనుక్కుని వచ్చేశాను. డైరీలో ఈ మూడు రోజుల జ్వరం కొట్టెయ్యాలనుకున్నాను. కొట్టెయ్యలేదు. ఉండనీ.

మార్చి 18. ఆదివారం.

పడవలు కట్టే చోట వడ్రంగిని బతిమాలి చెక్కముక్కలు తెచ్చాను. రోజంతా ఉప్పుకాగితంతో రుద్దాను. నాలుగు ఆకారాలు. వేళ్ళ చివర్లు కందిపోయాయి.

మార్చి 20. మంగళవారం.

నిన్నటి నుంచి పాత చేపల గంపలో ఆకారాలు వేసి పెట్టాను. పిల్లలు వీపు పెట్టి, చెయ్యి వెనక్కి చాపి, ఒకటి పట్టుకుంటారు. మూలలు లెక్కపెట్టమన్నాను. దాలయ్య మూడు మూలలు తడిమి "త్రిభుజం" అన్నాడు. నిన్నా అదే అన్నాడు. ఇవాళా అదే! పోలిరాజు వృత్తాన్ని నోట్లో పెట్టుకుని చూశాడు. వాడి పద్ధతి వాడిది.

కోపం: రెండు. కాని చిన్న గొంతుతో. అభ్యాసం చేస్తున్నాను.

మార్చి 23. శుక్రవారం.

నిజం రాసుకోవాలి. తొమ్మిదిమందిలో నాలుగు ఆకారాలూ వచ్చింది ముగ్గురికి. దాలయ్య, గురువమ్మ, పోలిరాజు. నలుగురికి వృత్తం ఒక్కటే వచ్చు. ఇద్దరికి ఏది అందించినా త్రిభుజమే, ఆ మాట అనడం బాగుందట.

రేపే తనిఖీ.

మార్చి 24. శనివారం.

ఉదయం 11. నారాయణమ్మగారు వచ్చారు. కళ్ళజోడు, రిజిస్టరు, గొడుగు. గుమ్మం దగ్గర పిల్లల తల్లులు. గంప అమ్మకుండానే వచ్చేసి సూర్యకాంతమ్మ ముందు నిలబడింది. ఆకారాల గంప గురించి నేను చెప్పేలోపే నారాయణమ్మగారు అందులోంచి చెక్కముక్కలు తీసి బల్ల మీద వరసగా పెట్టేసి, పెన్నుతో ఒకదాన్ని తట్టి చెప్పమన్నారు.

తొమ్మిదిమందీ ఒక్కసారి గిరుక్కున తిరిగి ఆవిడకి వీపు చూపించారు.

"తవిటయ్య" అన్నాడొకడు.

ఆవిడ మొహం ఎర్రబడింది. "మర్యాద కూడా నేర్పలేదా వీళ్ళకి?"

ఆ తర్వాత ఐదు నిమిషాలు ఎలా గడిచాయో నాకు వరసగా గుర్తు లేదు. మర్యాద మీరే వీళ్ళ దగ్గర నేర్చుకోవాలన్నానని తాతబాబు చెప్పాడు. బల్ల మీద గుద్దానని బల్ల చెప్తోంది, ఒక కాలు ఊగుతోంది. రిజిస్టర్లు, గొడుగులు, ఢిల్లీ, అన్నీ వచ్చాయట నా నోట. ఆవిడ రిజిస్టరు మూసి లేచారు. దానితో పాటే పోతమ్మ వాచకం కూడా మూతపడుతోందని అప్పుడు గాని నాకు వెలగలేదు.

"మీరు ఊరుకోండి మేస్టారూ" అంది సూర్యకాంతమ్మ. లోపలికొచ్చి చెక్కముక్కలు గంపలో పోసింది. కొడుకు చెయ్యి వెనక్కి లాగి అందులో పెట్టింది. "ఏటి సేతిలోది?"

దాలయ్య బొటనవేలు ఒక్కొక్క మూల మీదుగా నడిచింది.

"మూడు. త్రిభుజం."

ఇంకోటి. "నాలుగు. అన్నీ ఒకలాగే ఉన్నాయి. చతురస్రం."

గురువమ్మ చెప్పింది. పోలిరాజు చెప్పాడు, నోట్లో పెట్టుకోకుండా. నారాయణమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఏమనుకున్నారో, గొడుగు బల్ల మీద పెట్టి, తనూ వెనక్కి తిరిగి గంపలో చెయ్యి పెట్టారు. చాలాసేపు తడిమి, చతురస్రం అన్నారు.

"కాదు. పొడుగుది. మళ్ళీ పట్టు" అన్నాడు దాలయ్య.

గుమ్మంలో ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆవిడా నవ్వారు, నా వైపు చూడకుండా.

రిజిస్టరులో రాసింది: పిల్లలు తొమ్మిదిమందిలో ముగ్గురికి వచ్చును. ఉపాధ్యాయుడు ముక్కోపి. ఏప్రిల్ 24 వరకు గడువు ఇవ్వడమైనది. ఆ లోగా తక్కిన వాళ్ళకి ఆకారాలు, అందరికీ నాలుగు రంగులు రావలెను.

సూర్యకాంతమ్మకి చదివి వినిపించాను. వేళ్ళ మీద రోజులు లెక్కేసింది. "పదారుకి పరీచ్చలు. ఇరవై నాలుక్కి గడువు. సాలు, ఈ ఏడు గట్టెక్కినట్టే." గంప నెత్తికెత్తుకుని, ఎండలో, అమ్మకానికి వెళ్ళిపోయింది. వచ్చే ఏడు మాటేమిటని నేనూ అడగలేదు.

మార్చి 26. సోమవారం.

ఉదయం 8. కొత్త ప్రతిజ్ఞ. ఒకటి: నెలలో నాలుగు రంగులు, మిగిలిన ఆరుగురికి ఆకారాలు. రెండు: కోపం లేదు. టీ షరతు తీసేశాను, దానివల్ల ఉపయోగం కనపడలేదు.

పడవలకేసే రంగు అడిగి తెచ్చి నాలుగు చెక్కలకీ పొద్దున్నే పూశాను. ఎరుపు, పచ్చ, పసుపు, నీలం. గంపలో వేశాను. కళకళలాడుతోంది గంప!

9.20. దాలయ్య వచ్చి వీపు పెట్టాడు. చెయ్యి వెనక్కి చాపి వృత్తాన్ని పట్టుకున్నాడు. రంగు చెప్పమన్నాను. వాడు తడిమాడు. ఇంకా తడిమాడు.

9.22. రంగుకి మూలలుండవు. ఈ సంగతి నాకు ఇప్పుడే తట్టింది.

9.25. కళ్ళు మూసుకుని ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టాను. తెరిచేసరికి దాలయ్య చెయ్యి ముందుకి తెచ్చుకున్నాడు. పొద్దున పూసిన రంగు ఇంకా పచ్చిగానే ఉంది. అరచేతి నిండా అంటుకుంది. వాడు గంప వైపు చూడలేదు. పోగుని చూస్తే దొంగతనం, తన చెయ్యి తను చూసుకుంటే కాదు కదా. అరచెయ్యి మొహం దగ్గర పెట్టుకుని చూసుకున్నాడు.

"ఎరుపు" అన్నాడు.

9.30. తక్కిన ఎనిమిదిమందీ వీపులు పెట్టి గంప చుట్టూ చేరారు. ఒకరి చొక్కా మీద నీలం కనపడుతోంది. రంగు ఆరిపోతోంది, ఇంక రాయడానికి తీరదు.